దొంగ ఊపిరి

జూన్ 6, శుక్రవారం

స్పోర్ట్స్ టీచర్ని కాను, ఆశా. ఫిజికల్ డైరెక్టర్ని. హిందూపురంలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో తలనెరిసేదాకా చేసిన ఉద్యోగం. స్పోర్ట్స్ టీచరంటే ప్రార్థన అయ్యాక పిల్లల్ని వరసలో నిలబెట్టి చేతులు పైకెత్తించే మనిషి. నేను ఎం.పి.ఎడ్. చదివాను. కబడ్డీ రెఫరీ పరీక్ష పాసయ్యాను. యూనివర్సిటీ పోటీలకు విజిల్ మెడలో వేసుకుని ఊరూరా తిరిగాను. పొద్దున డాక్టరుతో వీడియో కాల్‌లో "మా అమ్మ స్పోర్ట్స్ టీచర్ డాక్టర్, అందుకే చిన్నికి ఇంత స్టామినా" అని నా కన్నకూతురు అంటుంటే పక్కనే కూర్చుని పళ్ళికిలించాను. అక్కడికక్కడే సరిదిద్దితే మూడు రోజులు ముఖం ముడుచుకుంటుంది. అందుకని ఇక్కడ సరిదిద్దుతున్నా. ఈ డైరీ తెరిచింది అందుకే. నోటిదాకా వచ్చి వెనక్కి మింగినవి ఎక్కడో ఒకచోట ఉమ్మాలి కదా.

కాల్ బాగా జరిగింది. ఈ నెల ఆస్పత్రికి వెళ్ళి ఊపిరితిత్తుల పరీక్ష చేయించాల్సింది. చిన్నికి జలుబు చేసిందని వాయిదా వేశారు. జలుబుతో మిషన్లోకి ఊదితే అంకెలు తప్పుగా వస్తాయట. బదులుగా డాక్టర్ చాందిని ఫోన్‌లోనే చూసింది. ఆమె బళ్ళారి మనిషి, వాక్యం తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో దిగబెడుతుంది. "గాలి బాగా పీల్చుకో. ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెడతావో చూద్దాం. షురు మాడు, పుట్టా." మొదలుపెట్టు బంగారం అని.

మా పిల్ల ముప్పై దాటించింది. "సూపర్ పుట్టా!" అంది డాక్టర్. ఆశ నోరు తెరిచి నాకు ఆ బిరుదు ఇచ్చింది అప్పుడే.

శిక్షణ నాదే మరి. పోయినేడు సెప్టెంబరులో చిన్నికి వాళ్ళ నాన్న మూలకణాలు ఎక్కించారు. తలసీమియా పోయింది. పుట్టినప్పటి నుంచి నెలనెలా పరాయి రక్తం ఎక్కించుకున్న పిల్ల, ఇప్పుడు సొంత రక్తంతో తిరుగుతోంది. తిరగడానికి చోటే లేదు. బడి వద్దు, పార్కు వద్దు, పెళ్ళి పేరంటం వద్దు, బయటి తిండి వద్దు, మట్టి ముట్టొద్దు, పూలు వాసన చూడొద్దు. తొమ్మిదేళ్ళ పిల్ల బెంగళూరు కె.ఆర్.పురంలో రెండో అంతస్తు హాల్లో కూర్చుని ఏం చేస్తుంది? చెడుగుడు నేర్పాను. సోఫా ఒక జట్టు, టీవీ స్టాండు ఒక జట్టు, మధ్యలో టైల్స్ గీత. గీత దాటిన క్షణం నుంచి తిరిగి వచ్చేదాకా కూత ఆగకూడదు. ఆగితే ఔట్.

ఇంకో విద్య కూడా నేర్పాను. దొంగ ఊపిరి. కూత సాగుతుండగానే, గొంతు తగ్గకుండా, తల పక్కకు తిప్పినట్టు తిప్పి ముక్కుతో చిటికెడు గాలి లాక్కోవడం. రెఫరీ పట్టుకుంటే ఔట్, పట్టుకోకపోతే ఆట. దాన్ని పట్టుకోవడమే నా పని. పట్టుకోవడం తెలిసిన మనిషికి చెయ్యడం తెలియకుండా ఉంటుందా? చిన్ని వారంలో నేర్చేసింది. భుజం కదలదు, మెడ నరం కదలదు. మా కాలేజీ జట్టులో పెద్ద పెద్ద ఆడపిల్లలు కూడా ఇంత శుభ్రంగా చెయ్యలేదు.

గర్వంగా ఉంది. ఎవరూ చదవరు కాబట్టి ఒప్పుకోవచ్చు.

జూన్ 11

ఓనరు వెంకటరమణప్ప పావురాలు మళ్ళీ మా కిటికీ మీద. డెట్టాల్‌తో తుడిచాను. మళ్ళీ వచ్చాయి. మళ్ళీ తుడిచాను.

జూన్ 15, ఆదివారం

దగ్గు. పొడి దగ్గు, చిన్నది, గొంతులో ఈక ఇరుక్కున్నట్టు. కారణాలు చాలా ఉన్నాయి. ఆశ దోసెల పొగ. ఓల్డ్ మద్రాస్ రోడ్డు దుమ్ము. అల్లుడు గిరిధర్ రోజూ ఎలక్ట్రానిక్ సిటీ నుంచి చొక్కా మీద మోసుకొచ్చే సగం బెంగళూరు. అన్నిటికంటే ముఖ్యం పావురాలు.

మిద్దె మీదికి ఎక్కి తేల్చుకున్నాను. వెంకటరమణప్ప జొన్నలు చల్లుతున్నాడు.

"ఏమప్పా, మీ చుట్టాలకు భోజనాలయ్యాయా?"

"అయినాయమ్మా. మీవి?"

"మా చిన్ని ఊపిరితిత్తుల మీద విస్తరి వెయ్యొద్దని చెప్పడానికి వచ్చా. పావురాల రెట్టల్లో బూజు ఉంటుంది. మజ్జ మార్చిన పిల్ల అది."

"నోరు లేని పిట్టలమ్మా. మా నాయన కాలం నుంచీ ఏస్తుండాము."

"మీ నాయన కాలంలో ఈ ఇంట్లో ఇట్లాంటి పిల్ల బాడుగకు లేదు."

ఆయన చేతులు దులుపుకున్నాడు. కోపం రాలేదు, అదొక బాధ. "పాపకేమమ్మా, బాగానే ఉండాది కదా. మొన్న మెట్ల మీద కూర్చోని చానాసేపు మాట్లాడింది నాతో. నిన్నా కూర్చోనింది. మాస్కు లోపల్నుంచి ఎన్ని ముచ్చట్లు చెప్తాదో!"

సాయంత్రం మాస్కు పెట్టుకుని కిందికి దిగి పైకెక్కడం ఒక్కటే దానికున్న షికారు. "మెట్ల మీద ఎందుకు కూర్చుంది?" అన్నాను.

"చెప్పు పట్టీ ఊడిపోయిందంట."

ఆ చెప్పుల పట్టీలు అంత సులువుగా ఊడవు. అయినా ఆశకు చెప్పి కొత్తవి కొనిపించాలి.

జూన్ 22, ఆదివారం

ఆట మధ్యలో నిలబడిపోయింది. గీత దాటి వచ్చింది, సోఫా కుషన్ ముట్టుకుంది, తిరిగి వెళ్ళాలి. కూత ఆగింది.

"ఔట్," అన్నాను.

"ఈ ఆట బోర్, అవ్వా."

"ఓడిపోయేటప్పుడు ప్రతి ఆటా బోరే."

"నువ్వు ఆడు. నేను చూస్తా."

అరవై ఏడేళ్ళ మనిషిని, చీర ఎగదోపి కూత పెట్టుకుంటూ సోఫాను ముట్టుకుని వచ్చాను. పడీ పడీ నవ్వింది. నాకు ఆయాసం వచ్చింది. దానికీ వచ్చింది. కూర్చున్న పిల్లకు ఆయాసం ఎందుకు? నవ్వింది కదా. నవ్వితే వస్తుంది.

బద్ధకం, ఇంకేం లేదు. ఇంట్లో కూర్చోబెట్టి మేపితే ఏ పిల్లకైనా వస్తుంది. దానికి తోడు తండ్రి గారాబం. సాయంత్రం మెట్ల మీద ఎత్తుకుని తీసుకొస్తున్నాడు. "ఏమప్పా గిరిధర్, కాళ్ళు లేవా దానికి?" అన్నాను. "అడిగింది అత్తా," అన్నాడు. అడిగినవన్నీ ఇచ్చే మనిషి. మజ్జే ఇచ్చాడు.

జూన్ 24

వెంకటరమణప్ప జొన్నలు చల్లడం మానేశాడు. మిద్దె కడిగించాడు కూడా. పావురాలు వెళ్ళిపోయాయి.

దగ్గు వెళ్ళలేదు.

జూన్ 27

దగ్గు లేదు. అంటే తగ్గింది. అంటే ఉంది, తక్కువ.

జూలై 4, శుక్రవారం

కాల్. బాగా జరిగింది.

డాక్టర్ అడిగింది, "దగ్గు, ఆయాసం ఏమైనా?" ఆశ నా వైపు చూసింది. ఆశ మళ్ళీ ఆఫీసులో చేరింది, పగలంతా చిన్నితో ఉండేది నేను. "పావురాల దుమ్ముకు కొంచెం దగ్గింది. తగ్గిపోయింది," అన్నాను. నెపం వెళ్ళిపోయిన పావురాల మీద పెట్టాను.

చిన్ని లెక్క ఈసారీ ముప్పై దాటింది. "సూపర్ పుట్టా" అంది డాక్టర్. ఇంట్లోవాళ్ళు చెప్పేదీ బాగుంది, లెక్కా బాగుంది, మిషన్ పరీక్షకు ఆగస్టు తేదీకే రండి, బడి సంగతి కూడా అప్పుడే మాట్లాడదాం అంది. ఆశ కళ్ళు తుడుచుకుంది. సాయంత్రానికి యూనిఫాం ఆర్డరిచ్చేసింది.

పప్పులో ఉప్పు ఎక్కువైంది. నేనే వేశాను, రెండుసార్లు. గిరిధర్ మాట్లాడకుండా తిన్నాడు. అంత మంచితనం కూడా పనికిరాదు.

నేనేమీ వినలేదు.

జూలై 5

వినలేదు అని ఎందుకు రాశాను? విననిదాన్ని ఎవరూ రాసుకోరు.

జూలై 6, ఆదివారం

విన్నాను.

లెక్క ఇంగ్లీషులో పెట్టింది. నైన్‌టీన్‌కీ ట్వెంటీకీ మధ్య ఒకటి. ట్వెంటీ ఫైవ్ తర్వాత ఒకటి. పదికి ముందే ఇంకోటి కూడా. ఫోన్‌లో వినబడదు. కెమెరాలో కనబడదు. రెఫరీ గీత పక్కనే నిలబడాలి అనేది అందుకే. నేను గీత పక్కనే ఉన్నాను.

అలవాటుగా చేసి ఉండొచ్చు. నేర్చిన విద్య ఎవరికైనా చూపించుకోవాలని ఉంటుంది. ముక్కు ఇంకా దిబ్బడగా ఉండొచ్చు.

మధ్యాహ్నం పడుకుంటే వీపు మీద చెయ్యి వేశాను. నిద్రలో ఆటలు ఉండవు, డాక్టర్లూ ఉండరు. అయినా వీపు పిట్ట వీపులాగా కొట్టుకుంటోంది. చెయ్యి తీసి మళ్ళీ వేశాను. నా చెయ్యే వణుకుతోందేమో అనుకున్నాను. లేచి నీళ్ళు తాగి, తిరిగొచ్చి ఇంకోసారి వేశాను.

నా చెయ్యి కాదు.

జూలై 8, మంగళవారం

ఆశ, గిరిధర్ ఇద్దరూ ఆఫీసులకు వెళ్ళాక బీన్స్ ముందేసుకుని కూర్చున్నాం, నేనూ చిన్నీ. పీచు తీస్తూ అడిగాను.

"డాక్టరుకు లెక్క చెప్పేటప్పుడు ఎన్నిసార్లు దొంగిలించావే?"

తల ఎత్తలేదు. "నాలుగు."

నేను మూడే పట్టుకున్నాను.

"ఎందుకు?"

"ఆగిపోతుంది అవ్వా. నేను ఆపను. అదే ఆగిపోతుంది."

"పోయిన నెల?"

"అప్పుడు రెండే."

"అది ఆట, ఇది డాక్టరు. రెండింటికీ తేడా తెలియదా నీకు?"

"రెండూ ఒకటే. ఆగితే ఔట్. ఔటైతే గాజు గదిలో పెడతారు."

గాజు గది అంటే మార్పిడప్పుడు దాన్ని ఉంచిన గది. మేము అద్దం బయట నిలబడి చేతులూపేవాళ్ళం. ఆశ ఒక్కతే లోపల, అది కూడా ముఖం కనబడకుండా, చేతులకు గ్లౌజులతో. ఆ గదిలో పిల్ల ఏడవలేదని అందరికీ గొప్పగా చెప్పుకున్నాం. ఏడవకపోతే మరచిపోయిందనుకున్నాం.

"పట్టుకోకపోతే తప్పు కాదని నువ్వే కదా చెప్పినావు," అంది.

చెప్పాను. నవ్వుతూ చెప్పాను. వీపు తట్టి చెప్పాను.

"అమ్మకు చెప్పొద్దు అవ్వా. ఆగస్టులో బడి. యూనిఫాం కూడా వచ్చేసింది."

"ముందు ఈ బీన్స్ కానీ."

ఒప్పుకున్నాననుకుని నా మీదికి ఒరిగింది. నేను సరే అనలేదు. తల ఊపలేదు. ఊపలేదనే అనుకుంటున్నా.

జూలై 9

హాల్ తుడిచాను. బీరువా సర్దాను. సర్దిన బీరువా మళ్ళీ సర్దాను. ఆశ ఆఫీసు నుంచి వచ్చి యూనిఫాం లంగాకు అంచు విప్పి మళ్ళీ కుడుతూ కూనిరాగం తీస్తోంది. ఎన్నాళ్ళైందో దాని నోట పాట విని. చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. మింగాను.

రేపు.

జూలై 10

'రేపు' అని రాసిన అక్షరాలు నావే. గుండ్రంగా, ధైర్యంగా ఉన్నాయి.

ఆశకు చెప్పలేకపోయాను. డాక్టరు డెస్కుకు ఫోన్ చేశాను. రేపే కాల్ కావాలన్నాను. ఎందుకు మేడమ్ అని అడిగింది అక్కడి అమ్మాయి. "రెఫరీ తీర్పు తప్పు ఇచ్చింది, దిద్దాలి," అన్నాను. ముసలామెకు మతి చలించిందనుకుని ఉంటుంది. కానీ టైమ్ ఇచ్చింది.

ఆశతో మాత్రం డాక్టరే మళ్ళీ చూస్తానందని చెప్పాను. తప్పు దిద్దడానికి వేసిన మొదటి అడుగే అబద్ధం. బాగుంది నా వరస.

జూలై 11, శుక్రవారం

వరసగా రాస్తాను. లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మారిపోతుంది.

గిరిధర్ సెలవు పెట్టాడు. నలుగురం సోఫాలో. డాక్టర్ చాందిని మామూలుగానే నవ్వింది, "షురు మాడు పుట్టా" అంది. చిన్ని ఛాతీ నిండా పీల్చుకుని మొదలుపెట్టింది. ఎయిట్ దగ్గర తల కిటికీ వైపు తిప్పింది. వీసమెత్తు. కిటికీలో ఏం లేదు, పావురాలు కూడా లేవు. లెక్క సాగుతోంది. ఆశ పెదవులు దానితోబాటే కదులుతున్నాయి. ఫిఫ్టీన్. సిక్స్‌టీన్.

"ఔట్," అన్నాను.

ఇంత పెద్దగా అన్నానని నాకు తెలియదు. ముప్పై ఏళ్ళ మైదానం గొంతు. కింద వెంకటరమణప్పకు కూడా వినబడి ఉంటుంది.

"అమ్మా, ఏంటిది? కాల్ మధ్యలో!" అంది ఆశ.

"డాక్టర్, ఈ లెక్క చెల్లదు. పోయిన వారందీ చెల్లదు, అంతకు ముందుదీ చెల్లదు. మధ్యలో ముక్కుతో గాలి తీసుకుంటోంది. మీకు కనబడదు. నాకు కనబడుతుంది, నేర్పింది నేను కాబట్టి. ముక్కు మూసుకుని చెప్పమనండి."

చిన్ని నా వైపు చూసింది. ఆ చూపు గురించి రాయను.

డాక్టర్ గొంతు మెత్తబడింది. "చిన్నీ, అవ్వ చెప్పినట్టు చేద్దామా? ఎంతైనా పరవాగిల్ల, కందా."

ముక్కు తానే మూసుకుంది. నన్ను ముట్టుకోనివ్వలేదు. వన్, టూ, త్రీ. తొమ్మిది దగ్గర కళ్ళు పెద్దవయ్యాయి. పదకొండు అనలేకపోయింది.

డాక్టర్ నవ్వు పోయింది. "రేపు పొద్దున్నే తీసుకురండి," అంది. వాక్యం మొత్తం తెలుగులోనే అంది.

కాల్ అయ్యాక ఆశ వంటింట్లోకి వచ్చి నా వెనక నిలబడింది.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"శుక్రవారం."

"ఏ శుక్రవారం?"

"పోయిన శుక్రవారం."

"వారం, అమ్మా." అంతే అంది. స్టవ్ మీద పాలు దించి వెళ్ళిపోయింది.

అరిచి ఉంటే బాగుండేది. నేను అరిచే తల్లిని. నా కడుపున పుట్టి ఈ మౌనం ఎక్కడ నేర్చుకుందో.

జూలై 12, శనివారం

మిషన్ పరీక్ష. అద్దాల పెట్టెలాంటి దాంట్లో కూర్చోబెట్టి, ముక్కుకు క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టి ఊదమంటారు. ముక్కుకు క్లిప్పు! నాకంటే ముందే ఎవరో దొంగ ఊపిరి సంగతి కనిపెట్టారు. టెక్నీషియన్ దేవరాజ్ చేతులూపుతూ "ఊదు ఊదు ఊదు, ఇంకా, ఇంకా, వదలొద్దు, బిడబేడ!" అని కేకలు పెడుతున్నాడు. ఫైనల్ మ్యాచ్‌లో గ్యాలరీ లాగా ఉంది. చిన్ని ముఖం ఎర్రబడింది. గ్రాఫ్ గీత లేవాల్సినంత లేవలేదు, లేచింది గుంట పడినట్టు వంగిపోయింది. నాకు ఆ గీతలు చదవడం రాదు. దేవరాజ్ కేకలు ఆపేయడం మాత్రం చదవగలిగాను.

తర్వాత స్కాన్. ఊపిరి పీల్చి ఒకటి, వదిలి ఒకటి.

జూలై 14, సోమవారం

డాక్టర్ చాందిని కాగితం మీద చెట్టును తలకిందులుగా గీసింది. పెద్ద కొమ్మలు బాగున్నాయి. చివరి సన్న రెమ్మలు లోపల మచ్చ కట్టి ఇరుకైపోతున్నాయి. గాలి లోపలికి పోతోంది, బయటికి రావడానికే దారి చాలడం లేదు. స్కాన్‌లో ఊపిరి వదిలాక కూడా అక్కడక్కడా గాలి చిక్కుకుని నల్లగా ఉంది. తండ్రి నుంచి వచ్చిన కణాలు రక్తాన్ని బాగుచేశాయి. అవే ఇప్పుడు పిల్ల ఊపిరి గొట్టాలను పరాయివనుకుని కొరుకుతున్నాయి. మార్పిడి అయిన పిల్లల్లో కొందరికి ఇలా అవుతుందట.

"మూసుకుపోయినవి మళ్ళీ తెరుచుకుంటాయా?" అని ఆశ అడిగింది.

"చాలావరకు తెరుచుకోవు. మిగిలినవి మూసుకుపోకుండా ఆపడమే మన పని. స్టెరాయిడ్, ఇన్‌హేలర్లు, ఇంకో రెండు మందులు. నెలనెలా పరీక్ష. బడి ఇప్పుడే వద్దు."

నేను అడగాల్సింది నేనే అడిగాను. "జూన్‌లో తెలిసి ఉంటే?"

ఆమె నన్ను ఓదార్చలేదు. అందుకు మర్యాద పెరిగింది. "ముందు తెలిస్తే ఎప్పుడూ మంచిదే అమ్మా. ఎంత మంచిదో ఈ పిల్ల విషయంలో నేను చెప్పలేను. ఇంకా చాలా ఆలస్యంగా వచ్చే పిల్లలున్నారు, అదీ నిజమే."

కారిడార్లో గిరిధర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నా కణాలే కదా అత్తా," అన్నాడు. నాలుగు మాటలు. పొద్దుట్నుంచి అవే మోస్తున్నట్టున్నాడు.

"నీ కణాలకు చదువు లేదప్పా. ఇంటి మనిషెవరో పరాయి మనిషెవరో తెలియక కొరుకుతున్నాయి. నేను ఎం.పి.ఎడ్. చదివి చేశాను. వరసలో నా వెనక నిలబడు."

నవ్వబోయాడు, ఏడ్చాడు. నాకు మగవాళ్ళను ఓదార్చడం రాదు. మంచినీళ్ళ సీసా ఇచ్చాను.

జూలై 15

మాట్లాడలేదు.

జూలై 16

మాట్లాడలేదు. చిన్నికి ఇన్‌హేలర్ వాళ్ళమ్మ చేతే. ఆశ మళ్ళీ సెలవు పెట్టింది. యూనిఫాం బీరువా పైఅరలో పెట్టింది, నా చీరల మీద. కావాలనే పెట్టిందేమో. కాకపోవచ్చు. అక్కడే చోటు ఉంది.

జూలై 19

స్టెరాయిడ్‌కు ఆకలి. నాలుగు ఇడ్లీలు తిని ఐదోది అడిగింది. నన్ను కాదు, ప్లేటును అడిగినట్టు అడిగింది. వేశాను.

జూలై 20, ఆదివారం

నేను హాల్లోకి వస్తే లోపలికి వెళ్తుంది. లోపలికి వెళ్తే హాల్లోకి వస్తుంది. హిందూపురం వెళ్ళిపోదామని బ్యాగు తీశాను. బ్యాగు తుడిచాను. మంచం కింద పెట్టాను.

జూలై 27, ఆదివారం

ఆశ స్నానానికి వెళ్ళింది. ఇన్‌హేలర్ వేళ. చిన్ని ఆ ప్లాస్టిక్ గొట్టం తీసుకొచ్చి నా ముందు పెట్టి నిలబడింది. ముఖం పూరీలా పొంగింది, కళ్ళు మాత్రం పాతవే. మందు పీల్చాక కాసేపు ఊపిరి బిగబట్టాలి. వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాను. సగంలో వదిలేసింది.

"మళ్ళీ," అన్నాను.

రెండోసారి పూర్తిగా పట్టింది. గొట్టం కిందపెట్టి అడిగింది, "నువ్వు రెఫరీవా, నా జట్టా?"

ఈ ప్రశ్న రెండు వారాలుగా లోపల తిప్పుకుంటున్నట్టుంది. అబద్ధం చెప్పడం సులువు. నీ జట్టేనమ్మా అంటే ఒళ్ళోకి వచ్చేది.

"రెఫరీని."

"జట్టులో ఉండవా?"

"ఉంటే ఏమైందో చూశావు కదా."

ఆలోచించింది. దగ్గింది. దగ్గు అయ్యేదాకా ఇద్దరం ఆగాం.

"మరి నువ్వు దొంగాట ఆడితే? డాక్టరుకు పావురాలని చెప్పినావు కదా. నేను విన్నా. అప్పుడు ఎవరు విజిల్ ఊదుతారు?"

నా సర్వీసులో ఈ ప్రశ్న అడిగిన మనిషి లేడు.

"నువ్వే," అన్నాను.

"నా దగ్గర విజిల్ లేదు."

ఒళ్ళోకి రాలేదు. కానీ నా పక్కనే కూర్చుని మిగిలిన ఇడ్లీ తినేసింది, నా ప్లేటులోది.

ఆగస్టు 22, శుక్రవారం

మళ్ళీ అద్దాల పెట్టె. దేవరాజ్ ఈసారి గొంతు పోయేదాకా అరిచాడు. గీత పోయిన నెల ఎక్కడ ఉందో అక్కడే ఉంది. పెరగలేదు. దిగలేదు. ఇది మంచి వార్తట. డాక్టర్ అంది, "దిగకపోవడమే గెలుపు అనుకోండి, ఇప్పటికి." ఇప్పటికి అనే మాట నేను గట్టిగా విన్నాను, ఆశ విననట్టు ఉంది. పోనివ్వు.

వస్తూ మెట్లు తానే ఎక్కింది. మొదటి అంతస్తులో కూర్చుంది. "చెప్పు పట్టీనా?" అన్నాను. "కాదు. ఆయాసం," అంది గట్టిగా, మెట్లన్నీ వినేలా. వెంకటరమణప్ప తలుపు తీసి, "నిదానంగా ఎక్కు పాపా, మిద్దె యాడికీ పోదు," అన్నాడు.

గిరిధర్ చేతులు చాచాడు. వద్దంది. మేమంతా ఆ మెట్ల మీదే కూర్చున్నాం, అది లేచేదాకా.

ఆగస్టు 23, శనివారం

ఆశా, ఈ పేజీ చించి ఫ్రిజ్ మీద అంటిస్తున్నా. మిగతా డైరీ నా దిండు కింద ఉంది. చదవాలనుకుంటే చదువు, చదివాక అరిచెయ్యి.

ఇవాళ నగర్తపేట వైపు వెళ్తానన్నావు కదా. రెండు విజిళ్ళు తీసుకురా. స్టీలువి. లోపల గుండు ఆడేవి వద్దు, అందులో ఉమ్ము నిలిచి బూజు పడుతుంది. ఊదవచ్చా అని నిన్న డాక్టరును అడిగాను, ఊదనివ్వండి అంది. తాళ్ళు వేరు వేరు రంగులు చూడు, ఒకరిది ఒకరి నోట్లోకి పోకూడదు. ఎర్ర తాడు చిన్నిది, నల్లది నాది. కొట్టువాడు మోగుతుందో లేదో ఊది చూపిస్తానంటాడు, నోరు పెట్టనివ్వకు. ఎవరికని అడిగితే స్పోర్ట్స్ టీచరుకని చెప్పు. ఇంటికి తెచ్చాక మరిగే నీళ్ళలో వేసి, శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టు. ముందు ఎర్ర తాడుది.